రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత, ఫ్లైట్‌కి ఎంత టైం పడుతుంది: మనమే లెక్కేసుకునే పద్ధతి, స్టెప్ బై స్టెప్

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం అని నెట్‌లో కొట్టి చూడండి, ఒకచోట 2,546 అని వస్తుంది, ఇంకోచోట 1,582, మరోచోట 1,375. మూడూ కరెక్టే, మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్ళు, మూడోది నాటికల్ మైళ్ళు, అంతకుమించి ఏం లేదు. అసలు గందరగోళం టైం దగ్గర మొదలవుతుంది. సైట్‌లో మూడు గంటల నలభై నిమిషాలు అని ఉంటుంది, టికెట్ మీద నాలుగు గంటలు, తిరుగు టికెట్ మీద మూడున్నర, బయల్దేరే టైంకీ దిగే టైంకీ తేడా తీస్తే రెండున్నర గంటలే. ఏది నమ్మాలి?

నేననేది ఏంటంటే, దూరం అనేది ఒకే నంబరు, దాన్ని ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ మీదే తేల్చేయొచ్చు. టైం అలా కాదు, ఏ వైపుకి వెళ్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు, ఏ విమానం ఎక్కుతున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది, అందుకే "ఫ్లైట్ టైం ఇంత" అని ఒకే అంకె పడేసే సైట్లని నేను పెద్దగా పట్టించుకోను. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని మనమే సరిచేసుకోవచ్చు.

స్టెప్ 1: ఊరు పేరు కాదు, ఎయిర్‌పోర్ట్ కోడ్ పట్టుకోండి

ప్రతి ఎయిర్‌పోర్ట్‌కీ మూడక్షరాల కోడ్ ఉంటుంది, టికెట్ మీదా బ్యాగ్‌కి కట్టే ట్యాగ్ మీదా కనిపించేది అదే. శంషాబాద్‌కి హెచ్‌వైడీ, గన్నవరానికి వీజీఏ, వైజాగ్‌కి వీటీజెడ్, రేణిగుంటకి టీఐఆర్, దుబాయ్‌కి డీఎక్స్‌బీ, డల్లాస్‌కి డీఎఫ్‌డబ్ల్యూ. ఊరి పేరు కొడితే ఏమవుతుందంటే, పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది, దానికీ ఎయిర్‌పోర్ట్ ఉంది, కోడ్ హెచ్‌డీడీ, కొన్ని సైట్లు నిర్మొహమాటంగా అక్కణ్ణుంచి దూరం లెక్కేసి ఇచ్చేస్తాయి. ఒకే ఊరికి రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నా ఇదే తంటా: గోవాలో దబోలిమ్‌కి జీఓఐ, మోపాకి జీఓఎక్స్, దుబాయ్‌లో డీఎక్స్‌బీ కాకుండా అల్ మక్తూమ్‌కి డీడబ్ల్యూసీ. మన బేగంపేటకి ఇప్పుడు బీపీఎం అనే కోడ్ ఉంది, 2008లో శంషాబాద్ మొదలయ్యాక హెచ్‌వైడీ అంటే శంషాబాదే.

స్టెప్ 2: అక్షాంశం, రేఖాంశం తీసుకోండి

గూగుల్ మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, కింద రెండు నంబర్లు వస్తాయి. శంషాబాద్‌కి సుమారు 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. వైజాగ్‌కి 17.72, 83.22. దుబాయ్‌కి 25.25, 55.36. డల్లాస్‌కి 32.90, రేఖాంశం మైనస్ 97.04, ఎందుకంటే అది పడమర వైపు ఉంది. ఈ మైనస్ మర్చిపోతే మీ డల్లాస్ వెళ్ళి చైనాలో తేలుతుంది. ఎక్కడైనా 17 డిగ్రీల 14 నిమిషాలు అని రాసి ఉంటే ఆ 14ని 60తో భాగించి 17కి కలుపుకోండి, 17.23 అవుతుంది.

స్టెప్ 3: దూరం తేల్చడం

దగ్గర ఊళ్ళకి ఒక సులువు లెక్క ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111.2 కిలోమీటర్లు. రేఖాంశం డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గరే అంత ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది, కాబట్టి దాన్ని అక్కడి అక్షాంశం కోసైన్‌తో గుణించాలి. హైదరాబాద్-వైజాగ్ చూద్దాం. అక్షాంశాల తేడా 0.48, అంటే 53 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 4.79, దాన్ని 111.2తోనూ 0.954తోనూ (రెండు అక్షాంశాల సగటు 17.48, దాని కోసైన్) గుణిస్తే 508. ఇక స్కూల్లో చదువుకున్న పైథాగరసే: రెండిటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు. రోడ్డు మీద అయితే 600 పైనే.

దూరం పెరిగితే ఈ లెక్క తప్పుతుంది, భూమి గుండ్రం కాబట్టి. అప్పుడు వాడాల్సింది ఇది: రెండు అక్షాంశాల సైన్‌లని గుణించండి, పక్కన పెట్టుకోండి. తర్వాత రెండు అక్షాంశాల కోసైన్‌లనీ, రేఖాంశాల తేడా కోసైన్‌నీ, మూడిటినీ గుణించండి. రెండూ కలపండి. వచ్చినదానికి ఇన్వర్స్ కోసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ బటన్) తీస్తే డిగ్రీలు వస్తాయి, 111.2తో గుణిస్తే కిలోమీటర్లు. దుబాయ్‌కి చేస్తే, సైన్‌లు 0.2964, 0.4266, గుణిస్తే 0.1264. రేఖాంశాల తేడా 23.07, కోసైన్‌లు 0.9551, 0.9045, 0.9200, మూడూ గుణిస్తే 0.7947. మొత్తం 0.9211 చిల్లర, ఇన్వర్స్ కోసైన్ 22.9 డిగ్రీలు, అంటే 2,546 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందే చూస్కోండి, రేడియన్లలో ఉంటే చెత్త వస్తుంది, ఎక్సెల్‌లో చేసేవాళ్ళకి కూడా ఇదే మాట, అది డిఫాల్ట్‌గా రేడియన్లే అడుగుతుంది.

సైట్లు హావర్‌సైన్ అనే ఫార్ములా వాడతాయి, జవాబు అదే వస్తుంది, కాకపోతే మరీ దగ్గర పాయింట్లకి ఇంకాస్త నమ్మకంగా పనిచేస్తుంది. రెండు మంచి సైట్ల మధ్య నాలుగైదు కిలోమీటర్ల తేడా కనిపిస్తే కంగారు పడకండి. భూమి అచ్చంగా గోళం కాదు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు, ఒకళ్ళు సగటు 6,371 పెట్టి లెక్కేస్తారు, ఇంకొకళ్ళు ఆ నొక్కుడు కూడా కలిపి లెక్కేస్తారు. తేడా మహా అయితే అర శాతం.

లెక్కలంటే చిరాకు ఉన్నవాళ్ళు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లూ మధ్యలో గీత పెట్టి కొట్టండి, లేదా గూగుల్ మ్యాప్స్‌లో మెజర్ డిస్టెన్స్ నొక్కండి. యూనిట్లు మార్చుకోవడానికి గుర్తుంచుకోవాల్సినవి రెండే, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు అంటే 1.609.

పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డల్లాస్ మీద ఒక కొస పెట్టి బిగించి చూడండి. గోడ మీద మ్యాప్ చూసి అందరూ యూరప్, అట్లాంటిక్ మీదుగా అనుకుంటారు, దారం మాత్రం నేరుగా పైకి వెళ్ళి ఉత్తర ధ్రువం పక్కనుంచి, 85 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి అటువైపు దిగుతుంది. ఆ దూరం సుమారు 14,420 కిలోమీటర్లు. దుబాయ్‌లో మారి వెళ్తే 2,546కి దుబాయ్-డల్లాస్ 12,920 కలిపి 15,466, అంటే చుట్టు తిరిగినట్టు అనిపించినా నిజానికి ఎక్కువైంది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే.

స్టెప్ 4: విమానం నిజంగా తిరిగే దూరం

పైన వచ్చింది దారం దూరం. విమానం అంత నిక్కచ్చిగా వెళ్ళదు, ఎయిర్‌వేలు (విమానాలకి గీసిపెట్టిన దారులు) ఉంటాయి, మిలిటరీ ఏరియాలు ఉంటాయి, తుఫాను మబ్బులు తప్పించుకోవాలి, టేకాఫ్ అయ్యాక దారికి తిరగాలి, ల్యాండింగ్‌కి లైన్‌లో పడాలి. నేను పెట్టుకునే లెక్క: 300 కిలోమీటర్ల లోపు 10 శాతం కలపండి, 500 అయితే 8, వెయ్యి దాటితే 5, అమెరికా లాంటి దూరాలకి 3 నుంచి 5. శంషాబాద్ రన్‌వేలు తూర్పు-పడమర దిక్కులో ఉన్నాయి, గాలి పడమర నుంచి వీస్తుంటే దుబాయ్ ఫ్లైట్ అటే లేచి అటే వెళ్ళిపోతుంది, తూర్పు గాలి ఉంటే తూర్పుకి లేచి వెనక్కి తిరగాలి, అక్కడే కొన్ని నిమిషాలు పోతాయి.

ఎయిర్‌స్పేస్ మూసేస్తే మాత్రం ఈ శాతాలేవీ పనికిరావు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన ఎయిర్‌లైన్స్‌కి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్ళే మన విమానాలు దక్షిణం వైపు వచ్చి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. 2019లో కూడా ఫిబ్రవరి చివర్నుంచి జులై మధ్య దాకా ఇదే జరిగింది. హైదరాబాద్-దుబాయ్‌కి దీనితో పెద్దగా సంబంధం లేదు, ముంబైకి కాస్త పైన తీరం దాటి సముద్రం మీదుగా ఒమన్ వైపు వెళ్ళే దారే అది. అదే ఇలా మూసి ఉన్నప్పుడు ఢిల్లీలో మారి అమెరికా వెళ్ళే టికెట్ అయితే ఎయిర్‌లైన్ మనదా విదేశీదా అన్నదాన్ని బట్టి గంటలు మారతాయి, దూరం మాత్రం కాగితం మీద అలాగే ఉంటుంది.

స్టెప్ 5: గాలి లేదనుకుని టైం

ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి పైకి వెళ్ళాక గంటకి సుమారు 830 కిలోమీటర్లు వెళ్తాయి. బోయింగ్ 787, 777, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్దవి 900 దగ్గర. రెక్కల కింద పంఖాలు కనిపించే ఏటీఆర్ 72 అయితే 500. విజయవాడ, రాజమండ్రి, కడప వెళ్ళేవాళ్ళు బుకింగ్‌లో విమానం పేరు చూసుకోవడం ఇందుకే.

స్టెప్ 4లో వచ్చిన దూరాన్ని ఈ స్పీడ్‌తో భాగించి, పైన అరగంట కలపండి. ఆ అరగంటలో గేటు నుంచి వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా వెళ్ళడం, పైకి ఎక్కేటప్పుడూ కిందకి దిగేటప్పుడూ స్పీడ్ తక్కువ ఉండటం, అక్కడ మళ్ళీ గేటు దాకా మెల్లగా వెళ్ళడం, అన్నీ వచ్చేస్తాయి. చూడండి:

హైదరాబాద్-వైజాగ్: 511కి 8 శాతం కలిపితే 552, 830తో భాగిస్తే 40 నిమిషాలు, అరగంట కలిపితే గంటా పది.

హైదరాబాద్-విజయవాడ, ఏటీఆర్‌లో: 264కి 10 శాతం కలిపితే 290, 500తో భాగిస్తే 35 నిమిషాలు, చిన్న ఎయిర్‌పోర్ట్ కాబట్టి 25 కలిపితే చాలు, గంట.

హైదరాబాద్-ఢిల్లీ: 1,265 కాస్తా 1,328 అవుతుంది, 96 నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల ఆరు నిమిషాలు. ఢిల్లీ రద్దీకి ఇంకో పది నిమిషాలు వేస్కోండి, డిసెంబరు-జనవరి పొగమంచు రోజుల్లో అయితే లెక్క వేయకుండా ఉండటమే మంచిది.

హైదరాబాద్-దుబాయ్: 2,546 కాస్తా 2,673, మూడు గంటల పదమూడు నిమిషాలు, అరగంట కలిపితే 3 గంటల 43 నిమిషాలు.

స్టెప్ 6: గాలి కలపండి, అసలు కథ ఇక్కడే

విమానం స్పీడ్ అంటే గాలిలో దాని స్పీడ్. ఆ గాలే కదులుతుంటే? మన ఉత్తర భారతం మీద చలికాలంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే జోరు గాలి వీస్తుంటుంది, దాని మధ్యలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. హైదరాబాద్ దానికి దక్షిణంగా ఉంది కాబట్టి దుబాయ్ దారిలో అంత తగలదు గానీ సగటున 60 అనుకుందాం. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, 830 కాస్తా 770 అయిపోతుంది, 2,673ని దానితో భాగిస్తే 3 గంటల 28 నిమిషాలు, అరగంటతో కలిపి దాదాపు 4 గంటలు. వచ్చేటప్పుడు వెనక గాలి, 890, సరిగ్గా 3 గంటలు, అరగంటతో మూడున్నర. టికెట్ మీద కనిపించే నాలుగు, మూడున్నర అక్కణ్ణుంచే వచ్చాయి. సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుంటే గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చి చూసిన స్పీడ్) అని ఒక నంబరు మారుతూ ఉంటుంది కదా, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి రాసుకుని చూడండి, రెండిటి తేడాలో సగం దాదాపు ఆ గాలే.

వానాకాలంలో ఇది తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జెట్ స్ట్రీమ్ హిమాలయాల అవతలికి జరిగిపోతుంది, దక్షిణాది మీద ఎత్తులో తూర్పు నుంచి పడమరకి గాలులు వీస్తాయి, అందుకని జులైలో దుబాయ్ వెళ్ళే ఫ్లైట్ టైం కంటే ముందే దిగితే పైలట్ హడావుడి పడ్డాడనుకోకండి. హైదరాబాద్-ఢిల్లీకి ఈ గాలి పక్కనుంచి తగులుతుంది కాబట్టి రానూ పోనూ తేడా తక్కువే.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి నాకు అన్నిటికన్నా నచ్చే కేసు ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో. 2015 డిసెంబరులో మొదలైనప్పుడు అట్లాంటిక్ మీదుగా పడమరకి వెళ్ళేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తిప్పి తూర్పుకి, పసిఫిక్ మీదుగా పంపారు, 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారి కంటే రెండు గంటలు తక్కువ, కారణం మొత్తం దారంతా వెనక నుంచి తోసిన గాలే. దూరం పెరిగితే టైం పెరగాలని రూలేం లేదు. డల్లాస్ టికెట్లలో కూడా చూడండి, దుబాయ్ నుంచి వెళ్ళేటప్పుడు 16 గంటల పైన ఉంటుంది, వచ్చేటప్పుడు గంటా గంటన్నర తగ్గుతుంది.

స్టెప్ 7: టికెట్ మీద టైం అంటే ఏంటి

టికెట్ మీద ఉన్నది గాల్లో ఉండే టైం కాదు, గేటు నుంచి గేటుకి, దాన్ని బ్లాక్ టైం అంటారు. ఎయిర్‌లైన్స్ వాళ్ళు అందులో కాస్త సాగదీసి పెట్టుకుంటారు, లేటుగా బయల్దేరినా "ఆన్ టైం" అని దిగొచ్చు కదా. అందుకే వైజాగ్‌కి గంటా ఇరవై అని రాసి ఉన్నా గాల్లో యాభై అయిదు నిమిషాలే ఉండొచ్చు. విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్ ట్రాకర్ సైట్లలో రెండు రకాల టైంలూ కలిపి కనిపిస్తాయి, టేకాఫ్-ల్యాండింగ్ చూస్తున్నారా, గేటు-గేటు చూస్తున్నారా అన్నది గమనించకపోతే పావుగంట ఇరవై నిమిషాలు తేడా కొడుతుంది.

స్టెప్ 8: గడియారం లెక్క

టికెట్ మీద రెండు టైంలూ ఎవరి ఊరి టైం వాళ్ళదే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కి దుబాయ్ టైం 12:30కి దిగితే పైకి కనిపించేది రెండున్నర, గంటన్నర కలిపితే 4 గంటలు. తిరుగు ప్రయాణంలో 3:30కి ఎక్కి మన టైం 8:30కి దిగితే అయిదు, అందులోంచి గంటన్నర తీసేస్తే మూడున్నర. ఎప్పుడు కలపాలి ఎప్పుడు తీసేయాలి అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, రెండు టైంలనీ మన టైంలోకే మార్చేసి తేడా తీయండి, ఎప్పుడూ తప్పు రాదు.

అమెరికాతో ఒక చిక్కు ఉంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. డల్లాస్‌కీ మనకీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. శనివారం రాత్రి 10కి శంషాబాద్‌లో ఎక్కి డల్లాస్‌లో ఆదివారం ఉదయం 8:30కి దిగితే, జనవరిలో అయితే మనకప్పుడు ఆదివారం రాత్రి 8, మొత్తం 22 గంటలు. అవే టైంలు జులై టికెట్ మీద ఉంటే 21 గంటలే. అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపించేవాళ్ళు ఈ గడిచిన గంటల లెక్క ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ముఖ్యంగా షుగర్ మందులో ఇన్సులినో వాడుతుంటే, ఎందుకంటే మందుకి మధ్యలో ఎన్ని గంటలు గడిచాయన్నదే లెక్క, ఏ ఊరి గడియారం ఎంత చూపిస్తోందన్నది కాదు. డోసు ఎలా సర్దాలో డాక్టర్‌ని అడిగినప్పుడు ఈ కాగితం చూపిస్తే ఆయన పనీ తేలికవుతుంది.

స్టెప్ 9: మీ లెక్కని అసలు ఫ్లైట్‌తో పోల్చుకోండి

ఫ్లైట్‌రాడార్24లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో మీ ఫ్లైట్ నంబరు కొడితే గత వారం రోజులు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నీ వస్తాయి. అన్నిటికన్నా తక్కువదీ ఎక్కువదీ వదిలేసి మధ్యలోది తీసుకోండి, సగటు తీస్తే ఒక్క లేటు రోజు మొత్తం పాడుచేస్తుంది. టైంలు యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) ఉంటే మన టైం కోసం 5:30 కలుపుకోండి. మీ లెక్కకీ దానికీ పది పదిహేను నిమిషాల లోపు తేడా ఉంటే మీ లెక్క బ్రహ్మాండం. గంట తేడా ఉంటే కోడ్ అయినా తప్పు కొట్టారు, దారి అయినా మారింది, ట్రాకర్‌లో పాత ఫ్లైట్ మ్యాప్ తెరిస్తే ఏ దారిన వెళ్ళిందో గీత కనిపిస్తుంది.

కనెక్షన్ ఫ్లైట్లకి ప్రతి ముక్కనీ విడిగా లెక్కేయండి, మధ్యలో ఆగే టైం టికెట్ మీదిదే తీసుకోండి. మొత్తం దూరాన్ని ఒకేసారి భాగిస్తే ఎక్కడం దిగడానికి పోయే ఆ అరగంట ఒక్కసారే కలుస్తుంది, లెక్క తక్కువ వస్తుంది.

చిన్న దూరాలకి మాత్రం ఈ లెక్కంతా చేశాక ఇంటి నుంచి ఇంటికి కూడా ఒకసారి వేసుకోండి. హైదరాబాద్-విజయవాడ గాల్లో నలభై నిమిషాలు కూడా లేదు, కానీ కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ గంటా గంటన్నర, రెండు గంటల ముందు ఉండమంటారు, ఫ్లైట్ ఒక గంట, దిగి బ్యాగ్ తీసుకుని గన్నవరం నుంచి బెజవాడలోకి ఇంకో ముప్పావు గంట, అన్నీ కలిపితే దాదాపు అయిదు గంటలు. కారులో అయినా దాదాపు అంతే. అదే వైజాగ్ అయితే ఫ్లైటే, రోడ్డు మీద పది పదకొండు గంటలు ఎవరు కూర్చుంటారు. ఎవరినైనా రిసీవ్ చేసుకోవడానికి వెళ్తుంటే ల్యాండింగ్ టైంకి డొమెస్టిక్‌కి అరగంట, ఇంటర్నేషనల్‌కి గంటా గంటంబావు కలుపుకుని ఇంట్లో బయల్దేరండి, ట్రాకర్‌లో "ల్యాండెడ్" అని పడగానే ఫోన్ చేసి ఎక్కడున్నావ్ అంటే వాళ్ళింకా సీట్ బెల్ట్ కూడా తీసి ఉండరు.